థియా అంటే దేవతా, పిన్నా? గ్రీకు పేర్ల అర్థాలు అడిగినవారికి

మీ ప్రశ్న మొత్తం చదివానండీ. క్లుప్తంగా ఇదీ: మీరు హైదరాబాదులో ఉంటారు, పాప పుట్టి వారమైంది, స్వాతి నాలుగో పాదం కాబట్టి 'త' అక్షరం రావాలని పెద్దవాళ్ళు అంటున్నారు. మీ ఇద్దరికేమో ఎవరూ పెట్టని గ్రీకు పేరు కావాలి. నెట్‌లో దొరికిన జాబితాలో థియా (దేవత), మాయా (తల్లి), కైరా (రాణి), కోరా (కన్య), రియా, ఐరిస్, క్లోయీ ఉన్నాయి. ఈ అర్థాలు నమ్మవచ్చా, గ్రీకువాళ్ళు నిజంగా ఇలాంటి పేర్లు పెట్టుకుంటారా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. రియా, ఐరిస్, క్లోయీ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. థియా, మాయా, కైరా, కోరా నేనైతే పెట్టను. 'త'తోనే కావాలంటే జాబితాలో లేని రెండు మంచి పేర్లున్నాయి: థాలియా, థెయానో. ఇక గ్రీకువాళ్ళ సంగతి. వాళ్ళు అర్థం చూసి పేరు పెట్టడం చాలా తక్కువ. తాత పేరో నాయనమ్మ పేరో పెడతారు, ఆ పేరుకు ఏడాదిలో ఒక పండగ రోజు ఉందా అని చూస్తారు. అర్థం ఎవరైనా అడిగితే అప్పుడు ఆలోచిస్తారు.

నాది తెనాలి. పెళ్ళయి గ్రీసులోని థెస్సలోనీకి నగరానికి వచ్చి 19 ఏళ్ళు. ఆసుపత్రుల్లోనూ, జనన మరణాల రిజిస్టరు ఆఫీసుల్లోనూ మన దేశం వాళ్ళ తరఫున దుబాసీ పని చేస్తాను. పురిటి మంచం పక్కన నిలబడి "పాప పేరేమిటి?" అన్న ప్రశ్నను అటూ ఇటూ అనువదించడం నాకు నెలకు రెండుమూడుసార్లు పడే పని. కింద చెప్పేదంతా ఆ అనుభవమే.

మీ జాబితాలో తప్పెక్కడుందంటే. గ్రీకులో ఏ అక్షరం మీద ఒత్తి పలుకుతామన్నదాన్ని బట్టి మాటే మారిపోతుంది. జాబితాలు రాసేవాళ్ళు ఇది పట్టించుకోరు. 'థెఆ' అని చివర ఒత్తితే దేవత. 'థేఆ' అని మొదట ఒత్తితే కిటికీలోంచి కనిపించే దృశ్యం; హోటలువాళ్ళు "సముద్రం థేఆ ఉన్న గది" అని అదనంగా డబ్బులు తీసుకుంటారు. 'థీఆ' అంటే పిన్ని, అత్త, పెద్దమ్మ, మేనత్త, అందరూ. మన తెలుగులో 'థియా' అని రాసుకుని పలికితే అచ్చంగా ఈ మూడోదే వస్తుంది. సూర్యుడికీ చంద్రుడికీ ఉషస్సుకీ తల్లి అయిన థెయా అని పురాణాల్లో ఒకావిడ ఉన్న మాట నిజమే, స్పెల్లింగు కూడా ఇదే. కానీ ఇక్కడ బజారులో "థీఆ!" అని పిలిస్తే తిరిగి చూసేది యాభై దాటిన ఆడవాళ్ళు. వారం రోజుల పాపకు పిన్ని అని పేరు పెట్టినట్టు ఉంటుంది.

మాయా. గ్రీకు మాయా హెర్మిస్ దేవుడి తల్లి, మన మాయతో ఆమెకు ఏ చుట్టరికమూ లేదు, శబ్దం కలిసిందంతే. పాత గ్రీకులో ఆ మాటకు అమ్మ, దాది అన్న అర్థాలున్నాయి. ఈరోజు దాని అర్థం ఒక్కటే: మంత్రసాని. పలకడం కూడా 'మేఆ' అంటారు. మా ఆసుపత్రిలో పురుడు పోసే ప్రతి నర్సమ్మ కోటు మీదా ఆ నాలుగక్షరాల బ్యాడ్జి ఉంటుంది. ఒకసారి మన దేశపు దంపతులు పాపకు మాయ అని పేరు చెప్తే, అక్కడున్న మేఆ నా వైపు తిరిగి "నా గౌరవార్థమా?" అని నవ్వింది. వృత్తిగా గొప్పదే. సోక్రటీసు తల్లి ఫైనారెతీ కూడా మంత్రసానే, ఎదుటివాడి ఆలోచనకు తాను పురుడు పోస్తానని ఆయన చెప్పుకున్నది అందుకే. అయినా పేరుగా ఎందుకు?

కైరా, ఇక్కడి పలుకుబడిలో 'కిరా'. 'అమ్మగారు' అన్న మాట అరిగి అరిగి అలా అయింది. వాడకట్టులో పెద్దావిడను "కిరా మరియా" అంటారు, మనం "మరియమ్మగారూ" అన్నట్టు. ఒంటరిగా "ఏ కిరా!" అంటే మాత్రం "ఏమ్మోయ్" అన్నట్టు, కాస్త దురుసు. రాణి ఎక్కడా లేదు. కోరా అయితే ఇంకా అన్యాయం. పాత మాట 'కోరీ' అంటే అమ్మాయి, కూతురు, ఇప్పటికీ వాడుకలో ఉంది. 'కోరా' అంటే రొట్టె పైన గట్టిగా ఉండే పెచ్చు.

మంచివాటికి వస్తే: ఐరిస్ (ఇక్కడ ఈరిస్ లేదా ఈరిదా) అంటే హరివిల్లు, దేవతల కబుర్లు మోసే దూత కూడా ఆమే. రియా (రేఆ) దేవతల రాజు జ్యూస్‌కి తల్లి. 'ప్రవహించేది' అన్న అర్థం తర్వాతి వాళ్ళు శబ్దం చూసి అల్లినది కావచ్చు గానీ పేరు మాత్రం అసలుసిసలు గ్రీకు పేరు, ఇప్పటికీ పెడుతున్నారు. క్లోయీ నాకు చాలా ఇష్టం. ఇక్కడ 'ఖ్లోఈ' అంటారు. అప్పుడే మొలిచిన లేత పచ్చిక, చిగురు. పంటల తల్లి దిమిత్రాకు అది ఒక బిరుదు కూడా. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు కొత్త కాదు, కొరింథీయుల మొదటి పత్రికలో క్లోయె ఇంటివారు వస్తారు.

అర్థం సరిగ్గా తెలియాలంటే పేరును సమాసంలా విడగొట్టండి. నిఘంటువు వెతికే ముందు ఇది చేయాలి. మన బడిలో తెలుగు మాస్టారు విగ్రహవాక్యం చెప్పమనేవారు కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. పాత గ్రీకు పేర్లలో ఎక్కువ భాగం రెండు మాటల సమాసాలు. ఫిలిప్పోస్: గుర్రాలంటే ఇష్టం గలవాడు. నికోలాఓస్: 'నీకీ' గెలుపు, 'లాఓస్' జనం. అలెక్సాంద్రోస్: మనుషులను కాపాడేవాడు. క్లియోపాత్రా: తండ్రికి కీర్తి అయినది. ఇక్కడ వీధికి పదిమంది ఉండే యోర్గోస్, మనకు జార్జిగా తెలిసినవాడు, 'భూమి', 'పని' అన్న రెండు మాటలు కలిసినవాడు. అంటే రైతు. ఇంగ్లాండులో ఆ పేరుతో ఆరుగురు రాజులున్నారు, ఆరుగురూ రైతుబిడ్డలే అన్నమాట!

ఈ పద్ధతి మనకు సుళువుగా పట్టుబడటానికి కారణం ఉంది. సంస్కృతం పేర్లూ ఇదే అచ్చులో పోసినవి, రెండు భాషలకూ మూలం ఒకటే కాబట్టి. గ్రీకు 'ఇప్పోస్', మన 'అశ్వ' ఒకే మాట నుంచి వచ్చాయి. క్సాంథిప్పోస్ అంటే పసుపుపచ్చ గుర్రాలవాడు. మన హర్యశ్వుడు కూడా అదే. పెరిక్లిస్, సోఫోక్లిస్, ఇరాక్లిస్ పేర్ల చివర వినిపించే 'క్లేఓస్' అంటే కీర్తి. దాని తోబుట్టువు మన 'శ్రవస్'. భారతంలో సోమదత్తుడి కొడుకు భూరిశ్రవుడున్నాడు చూడండి, 'చాలా కీర్తి గలవాడు', ఆ పేరును గ్రీకులోకి మారిస్తే పోలిక్లిస్ అవుతుంది. రావణుడి తండ్రి విశ్రవసుడిలోనూ అదే శ్రవస్సు. తరగని కీర్తి అని హోమర్ వాడిన 'క్లేఓస్ ఆఫ్థితోన్', ఋగ్వేదంలోని 'శ్రవః అక్షితమ్' మాటకు మాటగా కలుస్తాయని ఆడాల్‌బర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు 1853లోనే చూపించాడు.

ఇంకా దగ్గరిది 'దత్త'. థెఓదోరోస్, థెఓదోతోస్, తిరగేస్తే దొరోథెయా, అన్నిటికీ దేవుడిచ్చిన కానుక అనే అర్థం. దేవదత్తుడు, భగవద్దత్తుడు అన్నమాట. ఇచ్చుట అనే ధాతువు కూడా రెండువైపులా ఒకటే. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర బెస్‌నగర్‌లో వాసుదేవుడికి గరుడ స్తంభం ఎత్తించిన తక్షశిల యవనుడు (గ్రీకువాడు) ఉన్నాడు, క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం వాడు. ఆ శాసనంలో అతని పేరు హెలియోదోర. హేలియోస్ అంటే సూర్యుడు. మన ఊళ్ళో పుట్టి ఉంటే సూర్యదత్తుడు అయ్యేవాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. శబ్దం కలిసిందని అన్నీ చుట్టాలు కావు. గ్రీకు 'థెఓస్', మన 'దేవ' ఒకటేనని చాలామంది నమ్మకంగా రాస్తారు, కాదు. 'దేవ', 'ద్యౌః' మాటలకు చుట్టం జ్యూస్. ఆయన పేరు విభక్తిలో 'దియోస్' అవుతుంది. దియోయెనిస్ (మన పాఠ్యపుస్తకాల డయోజనీస్) అంటే జ్యూస్‌కి పుట్టినవాడు.

సమాసం చేతికి వచ్చినా ప్రతిదానికీ అర్థం పిండకండి. ఆనాటివాళ్ళే తాత పేరులో సగం, మేనమామ పేరులో సగం తీసి అతికించేవాళ్ళు. క్రీస్తు పూర్వం 423లో ఏథెన్స్‌లో ఆడిన అరిస్తోఫానిస్ నాటకం 'మేఘాలు'లో ఇలాంటి ఇంటి గొడవ ఉంది. భార్య గొప్పింటి పిల్ల, కొడుకు పేరులో గుర్రం ఉండాల్సిందే అంటుంది: క్సాంథిప్పోస్, ఖారిప్పోస్, అలాంటివి. భర్త పల్లెటూరి పొదుపరి, మా నాన్న పేరు ఫేదోనిదిస్ పెడదాం అంటాడు, పొదుపు కొడుకు అని దాని అర్థం. కొన్నాళ్ళు పోట్లాడుకుని చివరికి రెండూ కలిపి ఫేదిప్పిదిస్ అని పెడతారు. పొదుపు గుర్రం! వాడు పెద్దయ్యాక గుర్రాల పిచ్చిలో పడి తండ్రిని అప్పులపాలు చేస్తాడు. ఈ గొడవ నాకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మా పెద్దమ్మ కొడుక్కి తాత పేరు వెంకటసుబ్బయ్యలో ముక్క, తల్లి కోరిన రాహుల్ కలిపి సుబ్బరాహుల్ అని పెట్టారు, ఇప్పుడు వాడు అమెరికాలో ఉత్త రాహుల్.

తాత పేరు సంగతి. ఇక్కడ లెక్క ప్రకారం పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, పెద్దకూతురికి తండ్రి తల్లి పేరు, తర్వాతి పిల్లలకు తల్లి వైపు. ఇది నిన్న మొన్నటిది కాదు. అరిస్టాటిల్ తండ్రి నికోమాఖోస్, కొడుకూ నికోమాఖోస్. పెరిక్లిస్ తండ్రి క్సాంథిప్పోస్, పెద్దకొడుకూ క్సాంథిప్పోస్. దీవుల్లో కొన్నిచోట్ల వేరే లెక్క: కార్పథోస్‌లో పెద్దకూతురికి అమ్మమ్మ పేరు వస్తుంది, దాంతోపాటు అమ్మమ్మ వైపు ఇల్లూ పొలమూ కూడా. అంటే పేరు ఆస్తి పత్రంతో సమానం.

దీని ఫలితం ఏమిటంటే మా ఆయన పినతండ్రి, పెదతండ్రి పిల్లల్లో నలుగురు యోర్గోస్‌లు, ఇంటిపేరు కూడా ఒకటే. పొడుగు యోర్గోస్, దంతవైద్యుడు యోర్గోస్, ఏథెన్స్ యోర్గోస్, ఒట్టి యోర్గోస్ అని పిలుస్తారు. గుంటూరు జిల్లాలో ఒక్క ఇంట్లో ముగ్గురు సుబ్బారావులుంటే ఏం చేస్తామో అదే. యాన్నిస్ అన్న పేరు మీదైతే సామెతలే ఉన్నాయి: "యాన్నిస్ లేని ఇల్లు బాగుపడదు" అని ఒకటి, "నలభై అయిదుగురు యాన్నిస్‌లకు కలిపి ఒక కోడిపుంజు బుర్ర" అని ఇంకొకటి. ఈ యాన్నిస్ గానీ, ఆడవాళ్ళలో అందరికంటే ఎక్కువగా వినిపించే మరియా గానీ గ్రీకు మాటలే కావు, హీబ్రూ నుంచి వచ్చాయి. కోస్తాస్, అంటే కోన్‌స్తాంతీనోస్, లాటిను. గ్రీసులో పెట్టే పేరు వేరు, గ్రీకు అర్థం ఉన్న పేరు వేరు.

ఒక ముచ్చట. పిలిచేటప్పుడు మగపేర్ల చివరి 'స్' పోతుంది. యోర్గోస్‌ని "యోర్గో!" అనాలి, యాన్నిస్‌ని "యాన్నీ!" అనాలి. రాముణ్ణి "రామా!" అన్నట్టు. కొత్తలో నేను "యోర్గోస్, ఇలా రా" అంటే మా ఆడపడుచు పడీ పడీ నవ్వింది. "రాముడూ, ఇలా రా" అన్నట్టుంటుందని తర్వాత నాకే తట్టింది.

ఇక మా ఇంటి కథ. మా అత్తగారి పేరు త్రియాందాఫిల్లియా. పెద్దకూతురు పుడితే ఆ పేరే పెట్టాలని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అత్తగారు మరీ అనలేదు. కానీ నా ఎనిమిదో నెలలో ఒకరోజు కాఫీ కలుపుతూ, పొయ్యి వైపే చూస్తూ, "మీకు నచ్చిందే పెట్టండి, నా పేరు బడి పిల్లల నోరు తిరగదు" అంది. బ్రికి గిన్నెలో నురగ పొంగి పొయ్యి మీద పడింది, ఆవిడ చూసుకోలేదు. అప్పుడే నిర్ణయం అయిపోయింది. త్రియాందా అంటే ముప్పై, ఫిల్లో అంటే రేకు, ఆకు. ముప్పై రేకులది, అంటే గులాబీ. తెనాలికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ రెండుసార్లు పలకబోయి, మూడోసారి మానేసి, "దాన్ని నేను గులాబీ అంటాను లేవే" అంది. పదమూడేళ్ళయింది, ఇప్పటికీ అంతే. ఇంట్లో ఫిల్లిత్సా, బళ్ళో ఫిల్లియా, తెనాలిలో గులాబీ.

ఆర్థొడాక్స్ కుటుంబాల్లో బాప్తిస్మం దాకా చాలామంది పిల్లలకు పేరే ఉండదు, ఏడాది నిండినా ఉత్త 'బేబా', 'బేబిస్' అనే పిలుస్తారు. చట్టం ప్రకారం రిజిస్టరులో తల్లిదండ్రులు ప్రకటించిందే పేరు, అయినా నాయనమ్మల దృష్టిలో లెక్క గుడిదే. పూర్వం తల్లి బయటే ఉండేదట. జ్ఞానమాత లేదా జ్ఞానపిత నోట పేరు రాగానే పిల్లలు గుడిలోంచి పరుగెత్తుకెళ్ళి ఆమెకు చెప్పేవారు, ముందు చెప్పినవాళ్ళకు నాణెం. మా పాపకు ఆ సరదా కూడా చేశారు. నాకు ముందే తెలిసిన పేరును ఆరుగురు పిల్లలు వగరుస్తూ వచ్చి ఒకేసారి అరిచారు, ఒక్కరికీ పూర్తిగా పలకడం రాలేదు. అత్తగారు చెప్పింది నిజమే.

క్రైస్తవం రాకముందు కూడా బారసాల ఉండేదండోయ్. మగపిల్లాడైతే తలుపుకు ఆలివ్ దండ, ఆడపిల్లైతే ఊలు కట్టేవారు. అయిదో రోజో ఏడో రోజో బిడ్డను పొయ్యి చుట్టూ తిప్పేవారు. పదో రోజు బంధువులను పిలిచి పేరు. మన పదకొండో రోజుకు ఒక్క రోజు తేడా.

పేరు పండగ. ఇక్కడ పుట్టినరోజు కన్నా పేరురోజు ముఖ్యం. యోర్గోస్‌లకు ఏప్రిల్ 23 (ఈస్టరు ముందు ఉపవాసాల్లో పడితే ఈస్టరు సోమవారానికి జరుపుతారు), కోస్తాస్, ఎలేనిలకు మే 21, మరియాలకు ఆగస్టు 15, దిమిత్రిస్‌లకు అక్టోబరు 26, నీకోస్‌లకు డిసెంబరు 6. ఆ రోజు ఆ పేరున్నవాళ్ళే మిఠాయిలు పంచాలి, మిగతావాళ్ళు "ఖ్రోన్యా పోల్లా" అంటారు, చాలా ఏళ్ళు బతకాలని. సెయింటు లేని పేర్లవాళ్ళకు సర్వ పరిశుద్ధుల ఆదివారం ఉంది. ఇప్పటివాళ్ళు ఒరెస్తిస్, ఇలెక్త్రా, ఇయాసోనాస్ లాంటి పురాణాల పేర్లు తిరిగి తెస్తున్నారు. ఒరెస్తిస్ తల్లిని చంపినవాడు కదా అని నేను ఒక అమ్మను అడిగేశాను, నోరు ఊరుకోక. "పేరు బాగుంది" అంది. మనం మాత్రం పిల్లాడికి దుర్యోధనుడని పెట్టం. ఇలెక్త్రా అంటే తేనె రంగులో మెరిసే తృణమణికి (గట్టిపడిన చెట్టు జిగురు) చెందిన పేరు, ఆ మాట నుంచే ఎలక్ట్రిసిటీ వచ్చింది.

ఇక అందమైన అర్థాలు కాని పేర్ల గురించి, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నవి అవే. ఉత్తర గ్రీసు పల్లెల్లో ముసలివాళ్ళలో స్తమాతా, స్తమాతిస్ అనే పేర్లు వింటాం. 'స్తమాతా' అంటే ఆగు. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో చావు ఇక ఆగాలని, కొన్ని ఇళ్ళలో వరసగా ఆడపిల్లలే పుడుతుంటే అది ఆగాలని పెట్టేవారు. స్తెర్యోస్ అంటే నిలదొక్కుకునేవాడు. జీసిస్ (జీసస్ కాదు) అంటే బతికేవాడు. పోలిఖ్రోనిస్ అంటే చాలా ఏళ్ళవాడు, సాక్షాత్తూ మన చిరంజీవి. ఇవి విన్నప్పుడు మా ఊరి పెంటయ్య తాత, కుప్పమ్మ గుర్తొస్తారు. ముందు పుట్టినవాళ్ళు పోతే ఈ బిడ్డనైనా మృత్యువు చూడకుండా పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తీసుకుని ఆ పేరు పెట్టేవారు. రోమన్ల కాలంలో ఈజిప్టులోని గ్రీకు కాగితాల్లో కోప్రెయూస్, కోప్రియా అనే పేర్లున్నాయని చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. 'కోప్రోస్' అంటే పేడ, పెంట. కుప్పల మీద వదిలేసిన పిల్లలను తెచ్చి పెంచుకున్నవాళ్ళు పెట్టిన పేర్లంటారు. అక్షరాలా పెంటయ్య, పెంటమ్మ. పేర్ల జాబితాల్లో ఇవి ఎందుకు రావో తెలుసు గానీ, ఒక తల్లి పేరు పెట్టేటప్పుడు దేన్ని అడుగుతుందో ఇంత సూటిగా చెప్పే పేర్లు నేను ఇంకెక్కడా చూడలేదు.

మీ ఇంటి చుట్టూ గ్రీకు పేర్లు ఇప్పటికే ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో క్రైస్తవ కుటుంబాల పేర్లు చూడండి. స్తెఫను అంటే కిరీటం. తిమోతి: దేవుణ్ణి గౌరవించేవాడు. అంద్రెయ: మగటిమి గలవాడు. పేతురు: రాయి. యునీకే: మంచి గెలుపు. రొదే: గులాబీ (మా పిల్ల పేరుకూ ఇదే అర్థం). దోర్కా: జింక. ఒనేసిము అంటే పనికొచ్చేవాడు. ఒకప్పుడు పనికిరానివాడు ఇప్పుడు పనికొచ్చేవాడయ్యాడని పౌలు ఫిలేమోనుకు రాసింది ఆ పేరు మీద చమత్కారమే, అనువాదంలో అది కనబడదు. ఐతుకు ఇంకా పాపం. అదృష్టవంతుడని అర్థం, పౌలు ప్రసంగం సాగుతుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. చివరికి బతికాడు కాబట్టి పేరు నిలబడింది.

మీకు కాదు గానీ, గ్రీసులో ఉండి ఇది చదివే మనవాళ్ళకు రెండు మాటలు. మన పేర్లు ఇక్కడ ఎలా వినిపిస్తాయో ముందు చూసుకోండి. 'మిత్ర' అంటే ఇక్కడ గర్భసంచి. ఆ పేరు చెప్పిన దంపతులకు కాన్పుల వార్డులోనే నేను ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది, అంతకన్నా ఇబ్బందికరమైన చోటు లేదు. వాళ్ళు మైత్రి అని మార్చుకున్నారు. మల్లి అంటే జుట్టు, ఉన్ని. కళ అంటే 'సరే, బాగానే'. ఫోనెత్తి "ఎలా!" అంటారు, రా, చెప్పు అని, ఎలా ఉన్నావని అడుగుతున్నారనుకుని నేను మొదటి నెలంతా "బాగున్నాను" అని జవాబిచ్చాను. ఎదురు కూడా ఉంది: థెఓదోరాను ముద్దుగా దోరా అంటారు, మా నాన్నకు దొర అని వినబడుతుంది. కల్లియోపి, అంటే మంచి గొంతు గలది, ముద్దుపేరు పోపి. మా అమ్మకు అది పోపే.

రెండోది రాతకోతల గోల. గ్రీకులో శ, చ, జ ధ్వనులు లేవు. హ ను 'ఖ' అక్షరంతో రాస్తారు, దాన్ని మళ్ళీ పాస్‌పోర్టు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నియమం ప్రకారం సి-హెచ్ పడుతుంది. అలా హర్ష అనే పిల్లాడు కాగితాల్లో చార్సా అయ్యాడు. ద శబ్దానికి ఎన్-టి, మాట మధ్య బ శబ్దానికి ఎమ్-పి పడతాయి: నందిని నంతిని, అంబిక అంపిక. ఒక ఆఫీసులో గుమాస్తా తండ్రి అసలు పేరును ఇంటిపేరు గడిలో రాసేసి, దిద్దడానికి ఏడు నెలలు తిప్పాడు. సంతకం పెట్టే ముందు తల్లిదండ్రుల పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగు పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి. భారత పౌరసత్వం కావాలంటే పుట్టిన ఏడాదిలోపు మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి, ఇక్కడి కాగితంలో తప్పుంటే అది అక్కడికీ వెళ్తుంది.

మళ్ళీ మీ పాప దగ్గరికి. స్వాతి నాలుగో పాదానికి త. థాలియా అంటే వికసించేది, కళకళలాడేది. కళల దేవతలు తొమ్మిదిమందిలో హాస్యం ఆమె సొంతం. 'థా' మీద ఒత్తాలి. ఒక్కటే చిక్కు, హైదరాబాదులో హోటల్ థాలీ జోకులు తప్పవు. థెయానో పైథాగరస్ బృందంలో పేరున్న తత్త్వవేత్త, ఆయన భార్య అని కొందరు, శిష్యురాలని కొందరు చెప్తారు. పేరులో 'థెఓస్' ఉంది కాబట్టి మీకు నచ్చిన దేవత కూడా అందులోకి వచ్చేస్తుంది. ఇక్కడ అమ్మమ్మల తరంలోనే ఎక్కువ, ఈ మధ్య మళ్ళీ వినబడుతోంది. నన్ను ఒకటే చెప్పమంటే ఇదే చెప్తాను. తెలుగులో 'థెయానో' అని రాసి, చివరి 'నో' మీద ఒత్తి పలకండి. ఇంట్లో పెద్దవాళ్ళు థ కాదు త కావాలని పట్టుబడితే తెయానో అన్నా ఫరవాలేదు, అర్థం ఏమీ చెడదు. థియానే ఖాయమైపోయి, కేకు మీద రాయించేసి ఉంటే మాత్రం పలకడమైనా మార్చండి: థె-ఆ, ఆ దగ్గర గట్టిగా.